సర్వీసు గొట్టమునకు లోహబంధము

హోసూరునుండి రాయకోటకు పోవు బాటలోని ఉద్దనపల్లి వంటి ఊళ్లలో, పాత యిండ్లకు విద్యుత్తు ఇనుప గొట్టము గుండా ప్రవేశించుట పరిపాటి. వీధి స్తంభమునుండి వచ్చిన తీగ చూరువద్ద గొట్టములో దూరి, గోడవెంట దిగి, మీటరును చేరును. గొట్టము తీగను ఎండవానలనుండి కాచుటకే యున్నదని పలువురి తలంపు. కాని గాలికి ఊగెడి తీగ ఆ గొట్టపు మూతి అంచున ఏండ్ల తరబడి రాచుకొని, పైతొడుగు అరిగినచో, గొట్టమంతయు విద్యుత్తుతో నిండును. ఇంటిలో దీపము ఆరదు, ఫ్యూజు కాలదు. తడిచేతితో గోడ నానుకొన్న పిల్లవానికే ఆ సంగతి మొదట తెలియును.

ఫ్యూజు ఏల కాలదు? ఇంటి ఫ్యూజు, 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే తెగెడి నేటి స్విచ్చి, ఇవన్నియు మీటరు తరువాత నుండునవి. గొట్టము వానికి ముందున్నది. అచ్చటి దోషమును అవి యెరుగవు. కాలవలసినది స్తంభముపైనున్న ఫ్యూజు.

అదియు మట్టిని నమ్మి కాలదు. ఇంటి ఎర్తు నిరోధము 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు నిరోధము 2 ఓములు అనుకొందము. 230 వోల్టులు ఆ 22 ఓముల గుండా నడపగలది సుమారు పదిన్నర ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఫ్యూజు దానిని సహించి యూరకుండును. గొట్టముపై 209 వోల్టులు నిలిచియుండును. రాతిపై పలుచగా పరచుకొన్న ఎర్రనేల వేసవిలో ఎండినప్పుడు నిరోధము ఇంకను హెచ్చును. అదే ప్రవాహము లోహమార్గముననే తిరిగి పోగలిగి, మొత్తము నిరోధము 1 ఓమే అయినచో, 230 ఆంపియర్లు పారి ఫ్యూజు వెంటనే కాలును.

కడ్డీని నేలలో పాతుట భూసంధానము; గొట్టమును, పెట్టెను, ఎర్తు తీగను లోహముతో ఏకము చేయుట లోహబంధము. వాడుకలో రెంటికిని ‘ఎర్తు’ అను ఒకే మాట చెల్లుచున్నది. కడ్డీ పాతి పని ముగిసినదనుకొనుట ఈ మాట వలన వచ్చిన పొరపాటే. ఇంటివద్ద అందుబాటులో ఎర్తు టెర్మినలును ఏర్పరచుట సరఫరాదారు విధియని 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 33వది చెప్పినది. వాని స్థానమున 2010లో వచ్చిన నిబంధనలును ఆ విధిని నిలిపినవి. గొట్టమును చేర్చవలసినది ఆ టెర్మినలునకే.

బంధము చెడునది అతుకులవద్ద. రంగుపై బిగించిన నట్టు చూపునకు గట్టిదే. విద్యుత్తునకు రంగు అడ్డుగోడ. రంగును, త్రుప్పును గీకి, క్లాంపు బిగించి, రాగితీగతో పెట్టెకు కలుపవలెను. అమెరికా విద్యుత్ నియమావళియు సర్వీసు గొట్టమువద్ద సాధారణపు లాకునట్టును మాత్రమే నమ్మనీయదు. అయితే అచ్చట సర్వీసు పెట్టెలో న్యూట్రలును లోహపు పెట్టెతో కలుపుదురు. మన యిండ్లలో ఎవరికి వారు ఆ పని చేయరాదు. న్యూట్రలు తెగినచో, ఇంటిలోని దీపముల గుండా వచ్చిన విద్యుత్తు గొట్టముపైకే యెక్కును.

ఇప్పుడు ప్లాస్టికు గొట్టములు వచ్చి ఈ చిక్కును చాలవరకు తీర్చినవి. ఇనుప గొట్టమే యున్నచోట, స్తంభమువద్ద సరఫరా ఆపించి, లైసెన్సుగల వైర్‌మన్ చేత గొట్టపు మూతినుండి ఎర్తు టెర్మినలు వరకు నిరోధమును కొలిపింపవలెను. అది ఒక ఓములో చిన్న భాగము మాత్రమే యుండవలెను. అంతకు మించినచో అతుకులనన్నిటిని విప్పి చూడవలసినదే.