రహీం సాబ్ ఆఖరి జట్టు

2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ వాడేనని మనలో ఎందరికి తెలుసు? బడిపంతులు, ఫుట్‌బాల్ ఆటగాడు. తర్వాత 1950 నుంచీ సిటీ పోలీస్ జట్టుకీ, భారత జట్టుకీ కోచ్.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనకు క్యాన్సర్. మనమైతే ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తేనే గడప దాటనివ్వం! వెళ్ళొద్దని ఇంట్లోవాళ్ళు ఎంత పోరారో అనిపిస్తుంది నాకు. ఆయన మాత్రం కుర్రాళ్ళను వెంటబెట్టుకుని సముద్రం దాటారు.

అక్కడ డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో మనదే స్వర్ణం. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది ఆ కుట్ల తలవాడిదే!

తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.