ఏడు మీటర్ల కేబుల్ ముక్క

పక్కపక్క డాబాల మీద ఉన్న రెండు హామ్ రేడియో కేంద్రాల్లో ఒకటి ప్రసారం మొదలుపెడితే రెండోదానికి చెవుడు వస్తుంది. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా ఇళ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. యాంటెన్నాలను ఎడంగా పెట్టే వీలు తక్కువ. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ నుంచి వెయ్యో వంతు పక్క యాంటెన్నాకు చేరినా అది 0.1 వాట్. మీటరు మీద ఎస్-9 చూపే మంచి సిగ్నల్‌కు అది 200 కోట్ల రెట్లు.

ఇబ్బంది రెండు రకాలు. 7.1 మెగాహెర్ట్జ్ ప్రసారం తన బలంతోనే 14 మెగాహెర్ట్జ్ రిసీవర్‌ను ఉక్కిరిబిక్కిరి చేయడం ఒకటి. దాని హార్మోనిక్‌లు, అంటే రెట్టింపు, మూడింతల, నాలుగింతల పౌనఃపున్యాలు, 14.2, 21.3, 28.4 దగ్గర తేలడం రెండోది. ఇవన్నీ హామ్ బ్యాండ్లే. హార్మోనిక్‌కు విరుగుడుగా రిసీవర్ దగ్గర ఫిల్టర్ పెట్టేవాళ్లున్నారు. అది వృథా. వినాల్సింది, వద్దనుకునేది రెండూ 14.2లోనే ఉంటే ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. ఆపాల్సింది ట్రాన్స్‌మిటర్ దగ్గరే.

అందుకు ఒక కొయాక్సియల్ కేబుల్ ముక్క చాలు. దాని పేరు స్టబ్. ట్రాన్స్‌మిటర్ లైనుకు టీ-కనెక్టర్ పెట్టి, 7.1 దగ్గర పావు తరంగం పొడవున్న ముక్కను పక్కకు తగిలించి, చివర లోపలి తీగనూ పైజాలీనీ కలిపేస్తారు. 7.1 తరంగం చివరికి వెళ్లి తలకిందులై తిరిగొస్తుంది. రానూపోనూ అర తరంగం ప్రయాణం కాబట్టి మళ్లీ నిటారవుతుంది. లైనుకు అక్కడ ఏమీ లేనట్టే. 14.2కు అదే ముక్క అర తరంగం. రానూపోనూ పూర్తి తరంగం తిరిగినా తలకిందులుగానే వచ్చి, వచ్చేదాన్ని రద్దు చేస్తుంది. హార్మోనిక్ అక్కడే షార్ట్ అవుతుంది. 28.4దీ అదే గతి. 21.3 మాత్రం తప్పించుకుంటుంది.

చివర కలపకుండా వదిలేస్తే అంతా తారుమారు. అప్పుడు 7.1 షార్ట్ అవుతుంది, 14.2 హాయిగా సాగిపోతుంది. పక్కింటి 14 మెగాహెర్ట్జ్ సెట్టుకు కావాల్సింది సరిగ్గా అదే. రెండిళ్లకూ ఒకే కొలత ముక్క, చివర మాత్రం వేరు!

తప్పు జరిగేది కొలత దగ్గరే. 7.1 పావు తరంగం గాలిలో 10.56 మీటర్లు. గట్టి పాలిథిన్ ఇన్సులేషన్ ఉన్న కేబుల్‌లో తరంగ వేగం కాంతి వేగంలో 66 శాతమే కాబట్టి కోయాల్సింది 6.97 మీటర్లు. గాలి లెక్కతో కోస్తే ట్రాన్స్‌మిటర్ లైను ఎస్.డబ్ల్యు.ఆర్. (తరంగం ఎంత వెనక్కి మళ్లుతోందో చూపే కొలత) 2.5 దాటుతుంది. కాస్త పొడవుగా కోసి, యాంటెన్నా ఎనలైజర్ చూస్తూ కత్తిరించుకోవాలి.

ఒక్క స్టబ్ హార్మోనిక్‌ను సుమారు 300 రెట్లు తగ్గిస్తుంది. చాలకపోతే ట్రాన్స్‌మిటర్ దగ్గరే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ కలపాలి, లేదా పక్కింటివాళ్లు 14.2 వదిలి 14.25కు జరగాలి. జరగడానికి ఖర్చు లేదు.

1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేనాటికి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది, అక్కడి నుంచి అత్యవసర సందేశాలు పంపింది. అలాంటి రోజున ఒకే డాబా మీద రెండు బ్యాండ్లు నడపాల్సి రావచ్చు. స్టబ్‌లు ఇప్పుడే కోసి, పొడవు రాసి, సెట్టు పక్కన పెట్టుకోవడం మంచిది.