యువకులును రాజకీయములును

ఎన్నికల దినములు వచ్చినపుడు మన పల్లెలలో యువకునికి జరుగు గౌరవము ఇంతంత యనరాదు. జెండా మోయుటకు అతడు కావలెను. మోటారు సైకిలుపై ఊరేగుటకు అతడు కావలెను. గోడలకు కాగితములు అంటించుటకును అతడే కావలెను. ఎన్నికలు ముగిసిన పిమ్మట ఆ యువకుడే గ్రామసభలో లేచి లెక్క అడిగెనేని, 'చిన్నవాడవు, నీకేల?' యని పెద్దలు కూర్చుండబెట్టుదురు. ఈ రెండు నడతలును ఒక్క వ్యాధికి రెండు లక్షణములని మా యభిప్రాయము. యువకునికి రాజకీయములు తగునా యనుట ప్రశ్న కాదు. అతనికి ఆ విద్య గరపువారెవరు అనుటయే ప్రశ్న.

ఈ విషయమున ఇందూరు సీమకు ఒక చరిత్ర కలదు. 1931లో మంజీరపై నిజాంసాగరము పూర్తియైనది. తరువాతి కొలది యేండ్లలో బోధనున చక్కెర కర్మాగారము వెలసినది. నీరు పారెను; చెరకు పండెను; ప్రజకు నోరు మాత్రము రాలేదు. బహిరంగసభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని శాసించిన 53వ సంఖ్య గస్తీ నాటి సంస్థానమున అమలునందుండెను. అట్టి కాలముననే, 1937లో, ఆఱవ ఆంధ్రమహాసభ మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను నిజామాబాదున జరిగినది. గ్రంథాలయములు, పాఠశాలలు, వెట్టిచాకిరి మున్నగు విషయములను చర్చించిన ఆంధ్రమహాసభలే ఆనాటి తెలంగాణ యువకులకు రాజకీయ పాఠశాలలు.

ఆ పాఠశాలలో పెరిగిన యిరువురు తరువాత ఇందూరు జైలులోనే కలిసి యుండిరి. 1915లో నల్లగొండ సీమయందు జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి బాల్యముననే తండ్రిని గోల్పోయి, పరుల యింట వంట చేసి, హోటలులో పనిచేసి, పిమ్మట పత్రికా కార్యాలయమున ప్రూఫులు దిద్దెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకముల గంప నెత్తిన బెట్టుకొని ఊరూర దిరిగి అమ్మెను. రెండవవాడు 1925లో చినగూడూరున బుట్టిన దాశరథి కృష్ణమాచార్య. చదువు నడుమ విడిచి ఆంధ్రమహాసభ కార్యమునకై పల్లెలు దిరిగి, ఇరువది మూడేండ్లు నిండకమునుపే చెరసాల జేరెను. పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గుతో జైలు గోడలపై పద్యములు వ్రాసెను. 1949లో వెలువడిన అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితము చేసెను.

చదువరులు గమనింపవలసినది వారి చెరసాల మాత్రమే కాదు. చెరసాలకు ముందు వారు నడచిన బాట. ఒకడు పుస్తకములు మోసెను; ఒకడు పల్లెలు తిరిగెను. ప్రజల గడపలు తెలిసిన తరువాతనే వారి మాటకు బలము వచ్చెను. వేదికతో మొదలుపెట్టి గడపను మరచినవాడు నాయకుడు కానేరడు.

నేడు గస్తీ లేదు. జైలు భయము లేదు. 1989 నుండి పదునెనిమిదేండ్లకే వోటు కలదు. ఇరువదియొకటవ యేట సర్పంచి పదవికి నిలువవచ్చును. ఇరువదియైదవ యేట శాసనసభకును లోకసభకును నిలువవచ్చును. వోటునకును సర్పంచి పదవికిని నడుమ మూడేండ్లు మిగిలియున్నవి. ఆ మూడేండ్లును మన యువకునికి గురువు లేడు, బడి లేదు. కాని బడి ఊరిలోనే యున్నది. వోటరు పట్టికలో పేరెక్కిన ప్రతివాడును గ్రామసభకు సభ్యుడే. తెలంగాణ పంచాయతీరాజ్ శాసనము రెండు నెలల కొకమారు గ్రామసభ జరుపవలెనని విధించుచున్నది. ఆయవ్యయముల పట్టిక చదువుట, కాలువ పూడిక గూర్చి అర్జీ వ్రాయుట, ఎదుటివాని మాట కడవరకు వినుట, తన మాట నాలుగు ముక్కలలో ముగించుట, ఇవియన్నియు అచ్చటనే నేర్వదగును.

చదువు చెడును, సేద్యము పాడగును, కక్షలు పెరుగునని భూవసతిగల తలిదండ్రులు వెనుదీయుదురు. ఈ భయము నిరాధారమని మేము అనము. కాని రాజకీయములకు దూరముగా నున్నంత మాత్రమున సేద్యము నిలిచెనా? 2015 డిసెంబరున బోధను కర్మాగారము మూతపడినపుడు, చెరకు వేసినవాడు రాజకీయములెరుగనివాడని విడువబడలేదు. 2019లో నిజామాబాదు లోకసభ స్థానమునకు నిలిచిన 185 మంది అభ్యర్థులలో 178 మంది రైతులు. పసుపునకును ఎఱ్ఱజొన్నకును ధర లేదనుటయే వారి మొఱ. వారు గెలువలేదు, కాని దేశమంతయు ఇందూరు పసుపు మాట వినెను. 2025 జనవరిలో జాతీయ పసుపు మండలి ఇచ్చటనే ప్రారంభమైనది. దానికి ఆ నామినేషనులే కారణమని చెప్పజాలము. నోరు విప్పుట వ్యర్థము కాదని మాత్రము చెప్పగలము.

కావున పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఊరి గ్రంథాలయమునకు తాళము తీయించుడు. గ్రామసభలో యువకులకును యువతులకును మొదటి వరుసను చోటిండు. లెక్క అడిగినవానిని శత్రువుగా జూడకుడు. యువకులారా, జెండా మోయుదురుగాక. దానికి ముందు మీ ఊరి పద్దు పుస్తకమును ఒకమారు చదువుడు.