బెల్టు గట్టిదే, దానిని పట్టుకొన్న కొయ్య మాటేమి?

అరక్కోణమున 1992 నుండి నౌకాదళపు విమానకేంద్రము గలదు. కావున తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములవారికి విమానము వింత కాదు. అవి లోహముతో చేసినవి. అయితే కొయ్యవిమానములును కలవు. మన దేశమున 1961లో తొలిసారి ఎగిరిన రోహిణి గ్లైడరు కొయ్యతో చేసినదే. ఇంజను లేని ఆ విమానములో ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఇట్టి పాత విమానములలో మనిషిని సీటునకు కట్టియుంచు బెల్టును ఎట్లు పరీక్షింతురో మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులకు తెలుపదలచితిమి.

విమానము నేలకు తగిలి చటుక్కున ఆగినప్పుడు మనిషి ముందునకు విసరబడును. ఆ లాగుడు అతని బరువునకు తొమ్మిదిరెట్లైనచో, 70 కిలోల మనిషి బెల్టును 630 కిలోల బరువువలె లాగును. ఆ బరువంతయు బెల్టునుండి ఇనుపబిళ్లకును, బిళ్లనుండి బోల్టునకును, బోల్టునుండి కొయ్యకును చేరును. బెల్టు ఎంత క్రొత్తదైనను, కొయ్య చెడినచో అది నిష్ప్రయోజనము.

కొయ్య వానకాలమున తేమ పీల్చి ఉబ్బును. వేసవిలో ఎండి కుదించుకొనును. అందుచే బోల్టు వదులై, కదలి కదలి, గుండ్రని రంధ్రమును కోలగా చేయును. త్రుప్పు పట్టిన బోల్టు చుట్టునున్న కొయ్యను నల్లబరచి మెత్తబరచును. పూర్వము పాలను విరిచి తీసిన పదార్థముతో చేసిన జిగురు వాడెడివారు. తడి తగిలినచోట అది బూజుపట్టి పట్టు విడుచును. 1944లో మన దేశముననున్న మాస్కిటో కొయ్య యుద్ధవిమానములు కొన్ని ఆకాశముననే విరిగిపోయినప్పుడు, తక్కినవానిని నేలపై నిలిపి, రెక్కల అతుకులను పరీక్షింపవలసివచ్చెను.

పరీక్షించువాడు మొదట సీటును తొలగించి, దీపముతోను చిన్న అద్దముతోను మూలలను చూచును. బిళ్లచుట్టు రంగు పగిలినదా, నల్లమరక కలదా, వాషరుక్రింద కొయ్య నలిగినదా అని గమనించును. మెల్లగా తట్టినచో మంచి కొయ్య స్పష్టముగా మ్రోగును. లోపల చెడినది డొల్లగా పలుకును. బెల్టును చేతితో లాగినప్పుడు బిళ్ల కదలరాదు. అనుమానమున్నచో బోల్టును ఊడదీసి రంధ్రమునే చూడవలెను. వదులైన బోల్టును ఊరక బిగించుట మందు కాదు. బిగింపు మితిమీరినచో కొయ్య ఇంకను నలుగును. చెడిన భాగమును తీసి, అనుమతిగల పనివానిచే క్రొత్తకొయ్య అతికింపవలెను.

మన ఇండ్లలో దూలమునకు ఉయ్యాల కట్టునప్పుడు త్రాటిని లాగి చూతుము గాని, కొక్కెము దిగిన కొయ్యను చూడము. బిడ్డను కూర్చుండబెట్టుటకు ముందు నిచ్చెనవేసి ఆ చోటు ఒకమారు తట్టి చూడుడని మా మనవి.