ఉప్పునీటిలో తేలిన లెక్క

గొర్రె దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే, కడుపులో నట్టలు నెత్తురు తాగుతున్నాయేమోనని కాపరికి అనుమానం వస్తుంది. ఉన్నాయనడం తేలికే, ఎన్నున్నాయో చెప్పడమే కష్టం. ఒకప్పుడు ఆ లెక్క తేలాలంటే గొర్రె చావాలి, పొట్ట కోసి చూడాలి. గొర్రె ప్రాణం తియ్యకుండా, పెంటికలతోనే లెక్కకు దారి చూపిన పరికరాల్లో పేరుమోసింది మెక్‌మాస్టర్ స్లైడు.

దీని పుట్టిల్లు సిడ్నీ. గొర్రెల పెంపకందారు ఫ్రెడరిక్ మెక్‌మాస్టర్ ఇచ్చిన విరాళంతో అక్కడి విశ్వవిద్యాలయం ఆవరణలో 1931లో పశు ఆరోగ్య ప్రయోగశాల వెలిసింది. అందులో పనిచేసిన గోర్డన్, విట్‌లాక్ 1939లో ఈ పద్ధతిని ప్రకటించారు. కనిపెట్టింది వాళ్లు, పేరు నిలిచింది దాతది.

మలాన్ని పలచన చేసి, కొలిచిన చుక్కలో గుడ్లు లెక్కపెట్టే పద్ధతిని అమెరికాలో స్టోల్ 1923 నాటికే మనుషుల కొంకి పురుగుల కోసం రూపొందించాడు. కానీ గడ్డి మేసే జీవాల పెంటలో పీచు జాస్తి. గుడ్లు దాని చాటున దాక్కుంటాయి. గోర్డన్, విట్‌లాక్ గుడ్లను వెతికే శ్రమ తగ్గించి, వాటినే పైకి రప్పించారు.

ఇక కరగదన్నంత ఉప్పు కలిపిన నీళ్లు మామూలు నీళ్లకన్నా దాదాపు 1.2 రెట్లు బరువు. గొర్రె కడుపులోని నట్టల గుడ్లు అంత బరువుండవు కాబట్టి పైకి తేలతాయి, చెత్తలో చాలా భాగం అడుగుకు పోతుంది. స్లైడులో రెండు గదులు. ఒక్కో గది లోతు 1.5 మిల్లీమీటర్లు, పైపలక మీద 1 సెంటీమీటరు చదరపు గడి. దాని కింద పట్టేది 0.15 మిల్లీలీటరు. తేలిన గుడ్లు పైపలకకు అంటుకుంటాయి. గడి గీతలు స్పష్టంగా కనిపించేలా మైక్రోస్కోపును సరిచేస్తే గుడ్లూ స్పష్టంగా కనిపిస్తాయి, అడుగున ఉన్న చెత్త మసకబారుతుంది. 3 గ్రాముల పెంటికలను ఉప్పునీటిలో కలిపి మొత్తం 45 మిల్లీలీటర్లు చేస్తే, రెండు గదుల గడుల కింద కనిపించిన గుడ్లను 50తో హెచ్చిస్తే చాలు, గ్రాముకు ఎన్ని గుడ్లో వచ్చేస్తుంది.

నట్టలు మందులకు లొంగనప్పుడు స్లైడు మరో పనికొచ్చింది. 1961లో వచ్చిన థయాబెండజోల్‌ను తట్టుకున్న నట్టలు 1964కల్లా బయటపడ్డాయి. మందు తాగించే ముందు ఓసారి, రెండు వారాలకు మరోసారి గుడ్లు లెక్కపెడితే మందు బలం తెలిసిపోతుంది. గుర్రాల్లోనైతే మందలో కొన్నే ఎక్కువ గుడ్లు విడుస్తాయి. వాటిని ఏరి, వాటికే మందు పట్టడానికి ఈ లెక్కే ఆధారం.

అయితే స్లైడు సున్నా చూపితే కడుపు శుభ్రమనుకోకూడదు. పిల్ల నట్టలు గుడ్లు పెట్టవు. గుర్రం పేగు గోడలో దాగిన లార్వాల జాడ దీనికి తెలియదు. కాలేయపు జలగల గుడ్లు బరువైనవి, ఉప్పునీటిలో తేలవు. పైగా చాలా నట్టల గుడ్లు ఒకేలా ఉంటాయి. జాతి తేలాలంటే వాటిని పొదిగించి లార్వాలను చూడాల్సిందే.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. మందకంతటికీ నట్టల మందు తాగించడం మనకు మామూలే. తాగించే ముందూ, తాగించిన రెండు వారాలకూ గుప్పెడు పెంటికలు పరీక్షకు పంపితేనే, ఆ మందుకు నట్టలు చచ్చాయో, అలవాటు పడ్డాయో తెలిసేది.