కలబందకు అతిప్రేమ తగదు

కలబందకు ఆయుర్వేదమున 'కుమారి' అని పేరు. గురుకులంలో విద్యాభ్యాసం చేయు రోజులలో, వేసవి తాపానికి జాలిపడి నేను దానికి నిత్యమూ నీరు పోసితిని. నెల తిరుగకుండానే మొదలు కుళ్లి, ఆకులు చేతికి ఊడివచ్చినవి. "దాని ఆకులే దాని చెరువులు నాయనా" అన్నారు గురువుగారు.

అడుగున రంధ్రమున్న కుండీలో ఎర్రమట్టి, ఇసుక సమపాళ్లలో కలిపి, తల్లిమొక్క పక్కన మొలిచిన పిలకను నాటండి. మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే నీరు పోయాలి. ఆకుల నడుమ నీరు నిలువరాదు.

వెలుపలి ముదురు ఆకును కోసి, పసుపుపచ్చని చేదురసాన్ని కారిపోనివ్వండి. ఎండబెడితే ముసాంబరమయ్యే ఆ రసం తీవ్ర విరేచనకారి. చన్నీటితో చల్లబరచిన చిన్న కాలినగాయానికి లోపలి గుజ్జు పూయవచ్చును. గర్భిణులకు, పసిపిల్లలకు మాత్రం కలబందను లోపలికి ఇవ్వరాదు.