ఇల్లు ఆఫీసుకు దగ్గరా... ఇంటిల్లిపాదికీ దగ్గరా?

మే మూడో వారం దాటిందంటే హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా సామాన్ల బళ్లే కనిపిస్తాయి. బడులు తెరిచేలోగా ఇల్లు సర్దుకోవాలన్న తొందర అందరిదీ. ఖమ్మం నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు, పుణెలో పదేళ్లుండి తిరిగొస్తున్నవాళ్లు, పిల్లల చదువు కోసమే కాకినాడ వదిలినవాళ్లు... లారీలోంచి బీరువా దిగుతుంది, మిషన్ దిగుతుంది, చివరికి చీరలో చుట్టిన దేవుడి పటాలు దిగుతాయి. ఆ పటాలు పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు చాలాసార్లు ఆ వీధిని చూడటం అదే మొదలు. ఇల్లు ఖాయం చేసింది ఆయన. ఉద్యోగంలో చేరడానికి ముందే వచ్చి, స్నేహితుడి గదిలో దిగి, రెండు ఆదివారాలు తిరిగి, ఆఫీసుకు దగ్గరగా దొరికిన ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చేశారు.

ఆఫీసుకు దగ్గర కావడంలో తప్పేం లేదు. కానీ ఆయన పొద్దున తొమ్మిదికి గడప దాటితే మళ్లీ వచ్చేసరికి చీకటి పడుతుంది. పగలంతా ఆ పేటలో మసిలేది మిగతావాళ్లు. సాయంత్రం నాలుగింటికి బడి బస్సు దిగే పిల్లలు, ఊళ్లో తెలిసినవాళ్లందరినీ వదులుకుని వచ్చిన ఇల్లాలు, పొద్దున్నే కాసేపు నడవకపోతే మోకాళ్లు పట్టేసే తాతయ్య, గుడికో మసీదుకో చర్చికో ఎవరి సాయమూ లేకుండా వెళ్లిరావాలనుకునే నానమ్మ. పేటను చూడాల్సింది వాళ్ల కళ్లతో. ఈ కథనంలో చెప్పదలచుకున్నది అదే. హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకున్నాం గానీ, ఏ నగరానికి మకాం మార్చినా అడగాల్సిన ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

ఊరి బస్సు ఆగే చోటు

హైదరాబాద్‌కు వలస వచ్చిన పాతతరానికి ఈ లెక్క ఎవరూ నేర్పలేదు, వాళ్లే కట్టుకున్నారు. ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు వెళ్లండి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం కుటుంబాలు ఎక్కువ. విజయవాడ రోడ్డు అటే కదా. ఉప్పల్, బోడుప్పల్‌లో వరంగల్, జనగామ వాళ్లు. జూబ్లీ బస్‌స్టేషన్‌లో (జేబీఎస్) బస్సు దిగే కరీంనగర్, సిద్దిపేట వాళ్లకు అల్వాల్ దగ్గర. ఆరాంఘర్, అత్తాపూర్ వైపు పాలమూరు యాస చెవిన పడుతుంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు దగ్గర రాత్రి తొమ్మిది దాటాక మెయిన్ రోడ్డు మీద నిలబడితే, సూట్‌కేసులతో, నిద్రమొహం పిల్లలతో భీమవరం, రాజమండ్రి, గుంటూరు బస్సుల కోసం ఎదురుచూసే జనమే జనం.

దీన్ని పాతకాలపు అలవాటని కొట్టిపారేయకండి. ఊళ్లో నాన్నకు ఒంట్లో బాగాలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే, నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికే గంటన్నర పోతుంది. సంక్రాంతికి విజయవాడ రోడ్డు ఎలా ఉంటుందో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఇరుక్కున్నవాళ్లకు తెలుసు. సొంత కారు ఉన్నవాళ్లు 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు ఎక్కి నగరం మధ్యలోకి రాకుండానే తిరిగిపోతారు. బస్సు మీద ఆధారపడేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. పైగా ఊరి బస్సు ఆగే పేటలో మనవాళ్లుంటారు. పిల్లాడికి జ్వరం వస్తే రెండోవాణ్ని కాసేపు చూసే పిన్నిగారు, బియ్యం బస్తా వస్తే దింపి పెట్టే బావగారు. కొత్త ఊళ్లో మొదటి ఏడాది ఆ అండ విలువ, రోజూ ఆదా అయ్యే అరగంట ప్రయాణం కంటే ఎక్కువని నా నమ్మకం.

దూరాన్ని కిలోమీటర్లలో చూడొద్దు

ఈ నగరంలో కిలోమీటర్ల లెక్క పెద్దగా పనికిరాదు. 2017 నవంబరులో మొదలైన మెట్రో ఇప్పుడు మూడు మార్గాల్లో దాదాపు 69 కిలోమీటర్లు నడుస్తోంది. నాగోలులో ఎక్కితే ఎక్కడా మారకుండా రాయదుర్గంలో దిగొచ్చు, గంటకు అటూఇటుగా పడుతుంది. ఎల్బీనగర్ నుంచి అయితే అమీర్‌పేటలో మారాలి. వానొచ్చినా, ఊరేగింపు వచ్చినా ఆ సమయం పెద్దగా మారదు. రాయదుర్గం దాటి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేటల వైపు వెళ్లాలంటే మాత్రం మళ్లీ రోడ్డే గతి. అంటే ఆఫీసుకు పది కిలోమీటర్ల దూరంలో ఉండి రోజూ కారులో బయల్దేరే మనిషి కంటే, పాతిక కిలోమీటర్ల అవతల ఉన్నా మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే మనిషి ఎన్నోసార్లు నిమ్మళంగా ఇల్లు చేరతాడు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే, ఇద్దరి ఆఫీసులూ చెరో దిక్కున ఉంటే, మధ్యలో ఇల్లు చూసుకోవడం న్యాయంగానే అనిపిస్తుంది. అలా చూస్తే ఇద్దరికీ సమానంగా ఇబ్బంది. పిల్లలకు జ్వరమొచ్చిందని బడి నుంచి ఫోన్ వస్తే ముందు ఎవరు పరుగెత్తుతారో నిజాయతీగా మాట్లాడుకుని, వాళ్ల ఆఫీసు వైపు జరగడం నయం.

బస్సు సంగతి కూడా చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కండక్టరుకు ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, కాబట్టి ఇల్లు మారగానే ఆధార్‌లో చిరునామా మార్పించుకోవడం ముఖ్యం. ఇంటి ముందు నుంచి నేరుగా బస్సు ఉంటే అమ్మ తనంతట తాను కోఠీకి వెళ్లి రాగలదు. లేకపోతే ప్రతి పనికీ కొడుకు ఆదివారం కోసం కాచుకోవాలి.

నీళ్ల కథ

ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు వెలుతురు చూస్తారు, వంటింటి గట్టు చూస్తారు, బాత్‌రూమ్‌లో కొళాయి ఒకసారి తిప్పుతారు. ఆ కొళాయిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడిగేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. జలమండలి పైపు ఉందా? ఉంటే రోజు విడిచి రోజు వస్తుందా, ఎంతసేపు వస్తుంది? బోరుందా, ఉంటే ఏప్రిల్లోనూ పోస్తుందా? పశ్చిమాన కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల ప్రాంతాల్లో 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం ఎంత తిప్పలు పడ్డారో అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్తారు. అద్దాల మేడలున్న చోట నీళ్లూ పుష్కలంగా ఉంటాయనుకోవడం కొత్తగా వచ్చినవాళ్లు తరచూ పడే పొరపాటు. ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. అది అద్దెకున్నవాళ్ల దాకా రావాలంటే ముందు ఆ ఇంటికి కనెక్షన్, పనిచేసే మీటరు ఉండాలి కదా.

ఓనరుగారు ‘నీళ్లకేం ఢోకా లేదండీ’ అనే అంటారు. అసలు సంగతి తెలిసింది వాచ్‌మన్‌కు. పెద్ద అపార్ట్‌మెంట్లలో అతని గదిలో మేకుకు ఒక నోటుబుక్ వేలాడుతుంటుంది. ఏ తేదీన ఎన్నింటికి ఏ ట్యాంకరు వచ్చిందో, ఎన్ని లీటర్లదో అందులో ఉంటుంది, పక్కన డ్రైవరు సంతకం. ‘అన్నా, ఎండాకాలం రోజుకెన్ని ట్యాంకర్లొస్తయి?’ అని మంచిగా అడిగితే దాచడు. ‘ఇప్పుడైతే ఏం లేదు సార్, ఏప్రిల్ల రోజుకు నాలుగొస్తయి. పొద్దుగాల ఆరింటికి సంపు ఖాళీ అయితే లొల్లి లొల్లే’ అంటాడు. ఆ నాలుగు ట్యాంకర్ల డబ్బు మెయింటెనెన్స్ రూపంలో మీ మీదే పడుతుంది. అద్దె రెండు వేలు తక్కువని సంబరపడితే ఆ రెండు వేలూ అటే పోతాయి.

నీళ్లు చాలకపోవడం ఒక కష్టమైతే, ఇంట్లోకి రావడం ఇంకో కష్టం. 1908 సెప్టెంబరులో మూసీ ఊరి మీద పడ్డాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంతకు ముందు నుంచీ ఈ నేల మీద చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పైది నిండితే అలుగు పారి కిందిదానికి చేరేది. ఆ అలుగు దారుల మీద కాలనీలు లేచాయి. నీరు మాత్రం పాత దారి మరవలేదు. 2020 అక్టోబరులో కురిసిన వానకు టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి వరద దూసుకొచ్చింది. సామాన్లు పోవడం ఒక ఎత్తు, పిల్లల సర్టిఫికెట్లు తడిసి ముద్దవడం ఇంకో ఎత్తు.

అందుకే ఇల్లు చూడటానికి వానపడ్డ మర్నాడు వెళ్లండి. కాంపౌండ్ గోడల అడుగున మట్టిరంగు గీత ఎంత ఎత్తున ఉందో చూడండి. సెల్లార్‌లో మీటర్ల బోర్డును మనిషి ఎత్తుకు మించి బిగించారంటే ఎందుకు పైకి మార్చారో అడగండి. మూలమీది ఇస్త్రీ బండాయన్ను, కిరాణా కొట్టామెను పలకరించండి. ఏ సంవత్సరం నీళ్లు ఎంతవరకు వచ్చాయో వాళ్లు మోకాలు చూపించి మరీ చెప్తారు. కొనేవాళ్లకైతే ఇంకో పని ఉంది. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో చూపే ఎఫ్‌టీఎల్ పటాలు హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో పెట్టింది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఆ గీత విలువేమిటో అందరికీ తెలిసొచ్చింది. గీత లోపల కట్టిన ఇల్లు అమ్మినవాడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు, బ్యాంకు వాయిదాలు మాత్రం కొన్నవాళ్ల మెడకే.

బడి, బజారు, బాట

బడికి మనం పెట్టుకోదగ్గ హద్దు ఒకటే: బస్సులో అరగంట. అది దాటితే పిల్లలు పొద్దున్నే టిఫిన్ మానేస్తారు, సాయంత్రం ఆట మానేస్తారు. బడి పేరుకు మోజుపడి గంటన్నర ప్రయాణం పెట్టే తల్లిదండ్రులను చూస్తే బాధేస్తుంది, ఆ సమయం పిల్లల బాల్యంలోంచే తీస్తున్నారు. బయటి రాష్ట్రాల నుంచి తిరిగొస్తున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు నేర్పాలి. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలకు గుణింతాలు రాకపోవచ్చు, కాస్త ముందు నుంచే దిద్దించడం మంచిది. పెద్ద పిల్లలుంటే స్థానికత సంగతీ చూసుకోవాలి. మెడిసిన్ స్థానిక కోటాకు ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటివాళ్లకు కొన్ని మినహాయింపులున్నాయి. అంటే తొమ్మిదో తరగతికి ముందు రావడానికీ, పదో తరగతి అయ్యాక రావడానికీ చాలా తేడా ఉంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. నానమ్మను వెంటబెట్టుకుని సాయంత్రం ఆరింటికి ఆ వీధిలో నడవండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బైకులు, ఆ తర్వాత మూత వంకరగా ఉన్న మ్యాన్‌హోల్. ఆవిడ రోడ్డు మీదికి దిగుతుంది, వెనక నుంచి హారన్ మోగుతుంది, మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టులోనే ఆ పేట గురించి సగం తెలిసిపోతుంది. పాత హౌసింగ్ బోర్డు కాలనీల్లో ఫ్లాట్లు అంత కొత్తగా ఉండకపోవచ్చు, లిఫ్టు లేకపోవచ్చు. వీధులు మాత్రం వరసగా ఉంటాయి, మధ్యలో పార్కుంటుంది, నడిచి వెళ్లేంత దూరంలో మందుల షాపు, పాల బూత్ ఉంటాయి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, వనస్థలిపురం రైతుబజార్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కూరగాయల ఖర్చు కలిసొస్తుంది, పొద్దున్నే నలుగురితో మాట కలుస్తుంది. ఊరు కాని ఊళ్లో ఇల్లాలికి మొదటి స్నేహాలు దొరికేది చాలాసార్లు అక్కడే.

తలుపు తీయని ఇళ్లు

టులెట్ బోర్డు చూసి బెల్లు కొడితే అద్దె ఎంతో చెప్పడానికి ముందే ‘మీరేమిట్లు?’ అని అడిగే ఓనర్లు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. ‘వెజిటేరియన్లకే’ అని బోర్డు మీదే రాసేవాళ్లున్నారు. ముస్లిం కుటుంబమని తెలియగానే ‘ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ’ అంటారు, బోర్డు మాత్రం వారం దాకా అలాగే ఉంటుంది. భర్త లేని ఆడమనిషికి పిల్లలున్నా సవాలక్ష ప్రశ్నలు. పేటను ఎంచుకునే స్వేచ్ఛ అందరికీ ఒకేలా లేదన్న సంగతి దాటేసి ఇల్లు వెతకడం గురించి రాయడం సరికాదు. అద్దె ఇల్లు ఇచ్చేవాళ్లు ఈ సంచిక చదువుతుంటే వాళ్లకు ఒక్క మనవి: అద్దె సమయానికి కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అన్నవే అడగండి. ఇల్లు వెతుక్కునేవాళ్లు కూడా, మొదటి మాటలోనే కులం అడిగిన ఓనరుకు మొహమాటపడి సమాధానం చెప్పకుండా ముందుకు సాగిపోవడం మంచిది. రేపు వంటింటి వాసన మీద, వచ్చే చుట్టాల మీద కూడా ఆయనే ఆరా తీస్తాడు.

రాగానే కొనొద్దు, ముందు అద్దెకుండండి. మామూలుగా రాసుకునేది పదకొండు నెలల అగ్రిమెంటు. జూన్‌లో దిగితే ఆ గడువులోనే ఒక వానాకాలం పూర్తిగా, ఒక ఎండాకాలం చాలావరకు చూస్తారు. చిక్కల్లా బడితోనే. చాలా ప్రైవేటు బడుల్లో వచ్చే ఏడాది సీట్లు సంక్రాంతికి అటూఇటుగానే నిండిపోతాయి, ఎండాకాలం నీళ్ల సంగతి తేలేది ఆ తర్వాత. కాబట్టి ముందు బడిని ఖాయం చేసుకుని, దానికి రెండు మూడు కిలోమీటర్ల చుట్టూరా ఉన్న కాలనీల్లోనే ఇల్లు చూడండి. ఏడాది తిరిగేసరికి ఇల్లు నచ్చకపోతే పక్క వీధికో పక్క కాలనీకో సామాను మార్చుకోవచ్చు. పిల్లలు అదే బడికి, అదే స్నేహితులతో వెళ్తారు. ఆ రెండో ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు మాత్రం ఇంట్లో అందరూ కలిసి వెళ్లండి. ఏడాదంతా ఆ పేటలో పగళ్లు గడిపినవాళ్లకే దాని గురించి ఎక్కువ తెలుసు, ఈసారి ముందు మాట వాళ్లనే చెప్పనివ్వండి.